వేలాడే కొస

విరుదునగర్
10 జూన్ 2024

మామకు,

ఇవాళ పొద్దున పదకొండూ ఇరవైకి సంతకం అయింది. కోవిల్‌పట్టి యూనిట్‌లో నువ్వు ఇరవై రెండేళ్ళుగా చూసుకుంటున్న కంప్యూటర్ గదిని మూసేస్తున్నారు. సర్క్యులర్ వారం చివర చేరుతుంది. అంతకన్నా ముందు ఇది నీ చేతికి రావాలని కంపెనీ వాను తపాలు సంచిలో వేస్తున్నాను.

ఇప్పటిదాకా మన అగ్గిపెట్టెల కంపెనీకి నాలుగు యూనిట్లు, నాలుగు గదులు, గదికో సర్వరు. ఇకమీదట అన్నిటికీ కలిపి హెడ్డాఫీసులో ఒకటే ఇనుప పెట్టె. మోకాలెత్తు వుంటుంది. అందులో పుస్తకాలు నిలబెట్టినట్టు ఎనిమిది పలకలు. బ్లేడ్లు అంటారు. ఒక్కో బ్లేడూ ఒక సర్వరు. వాటికి విడివిడిగా తీగలు వుండవు. పెట్టె వెనక భాగంలోనే స్విచ్ వుంది, బ్లేడ్లన్నీ దానిలోకే కలుస్తాయి. బయటికి వచ్చేవి నాలుగు తీగలు.

నీ సర్వరులో వున్నదంతా, హాజరు, బరువుల లెక్క, లారీ బిల్లులు, ఒక ఫైలుగా మారి ఆ బ్లేడ్ల మీద నడుస్తుంది. దాని పేరు మారదు. తాను ఇంకా కోవిల్‌పట్టిలోనే వున్నానని అది అనుకుంటూనే వుంటుంది.

నిన్ను డిస్పాచ్‌కు మారుస్తారు. రిటైరయ్యేదాకా, అంటే ఇంకో రెండేళ్ళు, క్వార్టర్స్ వుంచుతారు. ఆ రెండో మాట లేకుండానే టైపు చేశారు. అడిగి చేర్పించాను.

కార్తిక


కోవిల్‌పట్టి
15 జూన్ 2024

పాపా కార్తికా,

నీ ఉత్తరం సర్క్యులర్ కన్నా ఒక రోజు ముందు వచ్చింది. గేటు కాపలా తంగపాండి సంచిలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏం బాస సామీ?"

"మనం ఇంట్లో మాట్లాడేదేరా."

"దీనికి రాత కూడా వుండాదా!"

వాడూ తెలుగువాడే. ఈ ఫ్యాక్టరీలో సగం మంది తెలుగువాళ్ళే. చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. సెలవుల్లో లేబుళ్ళ వెనకవైపు నీతో అక్షరాలు దిద్దించింది మంచిదయింది. ఫోన్‌లో అయితే రెండో మాటకే మనం తమిళంలోకి జారిపోతాం.

డిస్పాచ్ సరే. క్వార్టర్స్ గురించి అడిగినందుకు నిన్ను ఏమని మెచ్చుకోను. మీ అత్త పోయాక నాకు వేరే ఇల్లు లేదు, నాగలాపురంలో మీ అమ్మ దగ్గరికి పోయి కూర్చునే వయసూ కాదు.

ఒక సంగతి అడుగుతాను. ఇన్నాళ్ళూ ఈ గదిలో ఏదైనా చెడితే కోవిల్‌పట్టి ఒక్కటే ఆగేది. మిగతా యూనిట్లకు తెలిసేది కూడా కాదు. అన్నీ ఒకే పెట్టెలో వుంటే? పెట్టెలోని ఆ స్విచ్‌ను ఎవరు చూస్తారు? నా దగ్గర ప్రతి తీగకూ నా చేత్తో కట్టిన చీటీ వుంది.

గది ఊడ్చే పేచ్చియమ్మాళ్‌కు సంగతి చెప్పాను. "మిషను పోతే ఏసీ వుంచుతారా సామీ?" అంది. వుంచరన్నాను. "అయితే మనిద్దరికీ ఎండే" అంది.

మామ


విరుదునగర్
20 జూలై 2024

మామా,

పెట్టె వచ్చింది. నీ సర్వరును గురువారం ఫైలుగా మార్చాం. ఆరు గంటలు పట్టింది. ఇప్పుడు అది మూడో బ్లేడ్ మీద నడుస్తోంది. అక్కడ నీ గదిలో తిరుగుతున్నది ఖాళీ యంత్రం.

నువ్వు అడిగిన ప్రశ్ననే మీటింగులో నేనూ అడిగాను. జెయకుమార్ సార్ సర్వర్ల సెక్షన్ హెడ్. తీగలూ స్విచ్‌లూ మా సెక్షన్‌వి. పెట్టె ఆయనది, అందులో స్విచ్ వుంది.

"స్విచ్ అంటే నెట్‌వర్కు. నీ పనే కదమ్మా" అన్నారు.

"అయితే దాని పాస్‌వర్డు ఇవ్వండి సార్."

"పెట్టె పాస్‌వర్డు బయటి సెక్షన్‌కు ఎలా ఇస్తాను?"

మా పెద్దసారు సీనివాసన్ నవ్వి, "బిడ్డ నీది, బిడ్డ జలుబు నాదా?" అన్నారు. అందరూ నవ్వారు. మీటింగు అయిపోయింది.

ఆ స్విచ్‌లో ఒక కాపలా ఏర్పాటు వుంది. ఎక్కడైనా ఒక తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టారనుకో, బయల్దేరిన కబురు తిరిగి అక్కడికే వస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కబురనుకుని మళ్ళీ పంపుతుంది. క్షణంలో లక్షల కబుర్లు. వాటి మధ్య అసలు కబురుకు దారి వుండదు. అలాంటి వరద వచ్చిన దారిని కాపలా మూసేస్తుంది. కానీ దాన్ని ఎవరో ఒకరు ఆన్ చేయాలి. ఎవరు చేయాలని ఇద్దరు సార్లకూ మెయిల్ రాశాను. పది రోజులయింది. జవాబు లేదు.

నాకు ఇప్పుడు అద్దాల గది ఇచ్చారు. పక్క కుర్చీ మణికందన్‌ను మధురై పంపించారు, ఒక మనిషి చాలునట. పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుంటాను. స్క్రీన్ మీద నాలుగు ఊళ్ళూ కనిపిస్తాయి, అన్నీ పచ్చ చుక్కలే. మనుషులు ఎవరూ ఫోన్ చేయరు, ఎందుకంటే ఏదీ చెడడం లేదు. నిన్న సాయంత్రం హాస్టల్‌కు పోతూ పరోటా కొట్లో "రెండు" అన్నాక గుర్తుకు వచ్చింది, ఆ రోజు నేను పైకి అన్న మొదటి మాట అదే.

ఆగస్టు పదో తేదీ వస్తాను. రెండు రోజులు వుండి తీగలు విప్పుతాం. చీటీలు తీయకుండా వుంచు.

కార్తిక


కోవిల్‌పట్టి
18 ఆగస్టు 2024

పాపా,

నువ్వు పోయి వారం. నువ్వు పెట్టిన గుర్తుల ప్రకారం తీగలన్నీ చుట్టి అట్టపెట్టెల్లో పెట్టాను. చిన్న స్విచ్ మాత్రం గోడకు వుంది, ఆఫీసు కంప్యూటర్లు దాని గుండానే మీ దగ్గరికి వస్తాయి కాబట్టి.

యంత్రం ఆపాక గది ఎలా వుంటుందో ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళలో అది ఒక్కసారీ నిశ్శబ్దంగా లేదు. ఇప్పుడు అవతల షెడ్లో ఆడవాళ్ళు పుల్లలు చట్రంలో పేర్చే చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్ళూ అది వినిపించేంత దగ్గరలో వుందని తెలియలేదు. మధ్యాహ్నం అన్నం ఈ గదిలోనే తింటున్నాను. డిస్పాచ్‌లో చోటు ఇచ్చారు గానీ అక్కడ నా వయసువాళ్ళు లేరు.

ఆ పాత సర్వరు తీగ నువ్వు వదిలిపెట్టినట్టే వుంది. ఒక కొస స్విచ్‌లో, ఇంకో కొస కింద వేలాడుతూ. నువ్వు దాన్ని లాగబోతుంటే నేనే పట్టుకున్నాను కదా. మన ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు ఒక్క పనైనా మిగిల్చి పోవాలంటారు. మీ అమ్మమ్మ సగం అల్లిన పూలదండ ఉట్టిలో వుంచేది. పని మిగిలితే మనిషి వస్తుంది. నువ్వు నవ్వావు గానీ తీగ వదిలావు.

పేచ్చియమ్మాళ్‌కు తీగ అలా వేలాడడం నచ్చలేదు.

"అది ఎందుకు సామీ తొంగుతా వుండాది?"

"మా పాప వచ్చి తీస్తాది. సెప్టెంబర్ పద్నాలుగుకు వస్తానని చెప్పింది."

"పాప వచ్చేదాకా తీగ తొంగాల్నా? తీపెట్టి ఆపీసులో తీగ తొంగకూడదని మాకు చెప్పింది మీరే గదా."

అది నిజమే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కొత్తగా చేరేవాళ్ళకు ఆ పాఠం చెప్పేది నేనే. మందు పూసే చోట వేలాడే తీగ వుండకూడదు, కనిపిస్తే కొస ఎక్కడిదో అక్కడ బిగించాలి. ఈ గదిలో మందు లేదులే అన్నాను. ఆమె చీపురుతో ఆ కొసను తప్పించి ఊడ్చి పోయింది.

పద్నాలుగో తేదీకి మీ వాను నాలుగింటికి చేరుతుంది. గేటు దగ్గర వుంటాను. వేరుశనగ కడలమిఠాయి తీసి పెట్టాను.

మామ


విరుదునగర్
13 సెప్టెంబర్ 2024

మామా,

రేపు రాలేను. కంపెనీ యజమాని ముదలాళి రేపు సాయంత్రం కొత్త పెట్టె చూడడానికి వస్తున్నారట. నాలుగు ఊళ్ళూ ఒక స్క్రీన్ మీద ఎలా నడుస్తున్నాయో నేను పక్కన నిలబడి చూపించాలట. ఫోన్‌లో చెప్పడానికి మనసు రాలేదు. రేపటి వాన్లో నాకు బదులు ఈ కాగితం వస్తుంది.

ఇంకో తేదీ చూస్తాను.

కార్తిక


విరుదునగర్
16 సెప్టెంబర్ 2024

లక్ష్మణసామి గారికి,

విచారణ కోసం ఈ వివరాలు రాతలో కావాలన్నారు. కంపెనీ అడిగేది తమిళంలో వస్తుంది. నేను అడిగేది ఇది.

శనివారం సాయంత్రం నాలుగూ పన్నెండుకు నాలుగు యూనిట్లూ ఒక్కసారి ఆగాయి. ముదలాళి నా కుర్చీ వెనకే నిలబడి వున్నారు. పచ్చ చుక్కలన్నీ నిమిషంలో ఎర్రబడ్డాయి. వరద కోవిల్‌పట్టి నుంచి వస్తోందని కనుక్కుని మీ దారి తెంపేసరికి ఏడు దాటింది. అప్పటిదాకా ఏ యూనిట్‌లోనూ హాజరు ముగియలేదు, లారీ బిల్లు రాలేదు. హాజరు ముగియక వాన్లు కదల్లేదు. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు చీకటి పడేదాకా వాన్లలోనే కూర్చున్నారు.

ఆదివారం మీరు ఫోన్‌లో చెప్పినదాని ప్రకారం, గోడ స్విచ్‌లో ఒకే తీగ రెండు కొసలూ వున్నాయి. ఆ తీగ నేను వదిలినదే. రెండో కొసను ఎవరు పెట్టారు? ఆ సమయంలో గదిలో ఎవరున్నారు?

ఇట్లు
కార్తిక


కోవిల్‌పట్టి
17 సెప్టెంబర్ 2024

కార్తిక గారికి,

రెండో కొస పెట్టింది నేనే. ఆ మాట తమిళంలో రాసి, సంతకం చేసి మేనేజర్‌కు ఇచ్చాను. వేరే ఎవరినీ అడగనక్కరలేదు.

లక్ష్మణసామి


విరుదునగర్
19 సెప్టెంబర్ 2024

మామా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఇరవై రెండేళ్ళు తీగలతో బతికినవాడివి. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెడితే ఏమవుతుందో నీకు తెలియదా? జూలైలో నేనే రాశాను. తెలిసి పెట్టావంటే నాకు ఒకటే కారణం తోస్తోంది. నేను వస్తానని రాలేదు. పెద్దగా ఏదైనా చెడితే రాక తప్పదు. అందుకు చేశావా? ఈ మాట అడగడానికి నాకు సిగ్గుగా వుంది, అడగకుండా వుండలేను.

ఇక్కడ సంగతి విను. జెయకుమార్ సార్ రెండు మాటలే అంటున్నారు, "మనిషి తప్పు. యంత్రంలో లోపం లేదు." నీ కాగితం వచ్చాక ఆయన ముఖం తేటపడింది. డిస్పాచ్‌లో వుంచే ప్రశ్న లేదట, ఈ నెలాఖరుకే పంపించేయాలట. క్వార్టర్స్ కూడా పోతుంది. కాపలా ఆన్ చేయలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే, "మరి నీకు తెలిసి కూడా రెండు నెలలు ఎందుకు ఊరుకున్నావు?" అంటారు.

శనివారం నుంచి మా సెక్షన్‌లో ఎవరూ నా అద్దాల గది వైపు రావడం లేదు. టీ తెచ్చే అమ్మాయి కప్పు బయటి బల్ల మీద పెట్టి పోతోంది.

నిజం రాయి.

కార్తిక


కోవిల్‌పట్టి
22 సెప్టెంబర్ 2024

పాపా,

నువ్వు అలా అనుకోవడానికి నేనే దారి ఇచ్చాను. పని మిగిల్చి పో అన్నవాణ్ణి నేనే కదా. కానీ వాన్లలో ఆడపిల్లల్ని చీకటి దాకా కూర్చోబెట్టి నిన్ను రప్పించుకునేవాణ్ణి కాదు.

నేను పెట్టలేదు. పేచ్చియమ్మాళ్ పెట్టింది. ఆ మరునాడు, ఆదివారం, తనే వచ్చి చెప్పింది, నేను అడగలేదు.

"పాప నాలుగుకు వస్తాదంటిరి. వాను వచ్చె, పాప దిగలా. రేపు ఆదివారం, గది మూస్తారు. తీగ తొంగుతానే వుండాది. పక్కన బొక్క ఖాళీగా వుండె, దానిలో పెడితిని. టక్కుమని కూర్చునె. సరిగ్గా కూర్చునె గదా, సరైన చోటే అనుకుంటిని."

"నన్ను అడగొచ్చు గదమ్మా."

"మీరు గేటులో వుండారే. మొగం చూస్తే అడగబుద్ధి కాలా."

ఆమె ఇక్కడికి రాకముందు తాయిల్‌పట్టి వైపు ఒక టపాకాయల షెడ్లో పనిచేసేది. ఆ షెడ్లో వేలాడే కరెంటు తీగ రాసుకుని నిప్పురవ్వ లేచింది. ఆమె తోటికోడలు లోపల వుంది. అప్పటి నుంచి ఆమె బస్సులో పోతూ కూడా తీగలే చూస్తుంది. అలాంటి మనిషికి నేను ప్రతి ఏడూ నిలబెట్టి అదే పాఠం చెప్పాను. ఇది ఆ రకం తీగ కాదని, దీని కొసను వదిలేయడమే క్షేమమని మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. నువ్వు వచ్చి తీస్తావు కదా అనుకున్నాను.

ఆమె పేరు చెబితే ఆ సాయంత్రమే గేటు బయట వుంటుంది. ఊడ్చే మనిషికి విచారణ కూడా పెట్టరు. నేనైతే విచారణ దాకా వస్తాను, అంతే తేడా. అందుకే నా పేరు రాశాను. క్వార్టర్స్ పోతే పోనీ. సామాను ఎక్కువ లేదు.

నువ్వు కాపలా సంగతి ఎత్తొద్దు. నీకు ముందు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం వుంది. నాకు రెండేళ్ళే.

గది రాత్రిళ్ళు తాళం వేసి వుంటోంది. పగలు కూడా ఇప్పుడు అక్కడ అన్నం తినడం లేదు.

మామ


విరుదునగర్
26 సెప్టెంబర్ 2024

మామా,

నీ మాట వినలేదు.

నిన్న గేటుకు ఫోన్ చేశాను. తంగపాండి ఎత్తాడు. ఆ శనివారం నాలుగూ పన్నెండుకు లక్ష్మణసామి ఎక్కడున్నాడని అడిగాను.

"సామినా? ఇక్కడే వుండాడు. వాను వచ్చేదానికి ముందు నుంచే నిలబడుకొని వుండె. నేను సంచి ఇస్తిని, మీ కాగితం తీసి చదివె. కూర్చోండి సామీ అంటిని, కూర్చోలా. మళ్ళా లోపల గొడవ అనిరి, అప్పుడు పరిగెత్తె."

అంటే స్విచ్‌లోకి కొస పోతున్నప్పుడు నువ్వు గేటు దగ్గర నిలబడి, నేను రాలేనన్న కాగితం చదువుతున్నావు. ఈ సంగతి తెలియకుండానే నిన్ను ఆ మాట అడిగాను. దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తెలియదు. నీ సంతకం చేసిన కాగితాన్ని మాత్రం నువ్వు వెనక్కి తీసుకోవాలి, అది అబద్ధం కాబట్టి. తంగపాండి సాక్షి చెబుతానన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం విచారణ అధికారికి నా కాగితం ఇచ్చాను. అందులో మూడు సంగతులు రాశాను. తీగను ఒక కొస పెట్టి వదిలింది నేను. వస్తానన్న రోజున రాలేదు. పెట్టెలోని స్విచ్ ఎవరిదని జూలైలో అడిగాను, జవాబు లేదు, ఆ తర్వాత నేనూ మళ్ళీ అడగలేదు. అడగకపోవడం నా తప్పని కూడా రాశాను. జూలై మెయిల్‌ను వెనక జతచేశాను. పేచ్చియమ్మాళ్ పేరు రాయలేదు. రాయాల్సి వస్తే ఆమె ఫ్యాక్టరీ నియమం ప్రకారమే చేసిందని, ఆ నియమం ఈ గదికి పనికిరాదని ఎవరూ ఆమెకు చెప్పలేదని చెబుతాను. కాపలా ఆన్ చేసి వుంటే ఆమె పెట్టిన కొసతో కోవిల్‌పట్టి ఒక్కటే ఆగేది, నీ పాత గదిలో ఆగినట్టే.

జెయకుమార్ సార్ అద్దం తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఈ గదిలోకి మనిషి రావడం పన్నెండు రోజుల తర్వాత అదే మొదలు.

"నీ తలను నువ్వే కత్తి కింద పెట్టావమ్మా."

"స్విచ్ ఎవరిది సార్?"

ఆయన స్క్రీన్ వైపు చూసి పోయారు. సాయంత్రం పాస్‌వర్డు మెయిల్‌లో వచ్చింది. కాపలా ఆన్ చేశాను. చేయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఇక జరగబోయేది ఇది. సోమవారం, ముప్ఫయ్యో తేదీ, పదకొండు గంటలకు హెడ్డాఫీసు రెండో అంతస్తులో విచారణ. నిన్నూ నన్నూ పిలిచారు. పేచ్చియమ్మాళ్‌ను పిలవలేదు. ఆమె రావాలనుకుంటే నీతో తీసుకురా, వద్దనుకుంటే బలవంతం చేయొద్దు. కంపెనీ వాను అక్కడ ఎనిమిదిన్నరకు బయల్దేరుతుంది, సాత్తూరులో ఆగుతుంది. ఆ తీగను విప్పి సంచిలో వేసుకుని రా, అధికారి చూస్తానన్నారు. విచారణ అయ్యాక నా గదికి రా. రెండో కుర్చీ అడిగి వేయించాను.

మంగళవారం, అక్టోబర్ ఒకటి, నీ గది తాళం అప్పగించే రోజు. తీసుకోవడానికి హెడ్డాఫీసు మనిషి రావాలి. నా పేరు రాసి ఇచ్చాను. సోమవారం తర్వాత నాకు ఉద్యోగం వుంటే కంపెనీ వాన్లో పదింటికి వస్తాను. లేకపోతే బస్సులో, పదకొండుకు.

కార్తిక